ఎన్నూరులో ఒక బుధవారం

మన పత్రికలో తిరుపతి, భద్రాచలం, హంపి యాత్రలను గురించి వ్రాసిన వారు చాలామంది ఉన్నారు. ఎన్నూరుకు వెళ్ళి వచ్చి వ్యాసం వ్రాసిన వారు మాకు తెలిసినంతలో లేరు. ఒక రోజు సెలవు కావాలని చీటీ ఇస్తే మా సూపరింటెండెంటు గారు కళ్ళజోడు పైనుంచి చూచి, "ఎన్నూరులో చూడడానికి ఏమున్నదండీ?" అన్నారు. మా మేనకోడలు ఉన్నదని చెప్పాము.

సెంట్రల్ స్టేషను ప్రక్కన, 1985లో కాలిపోయిన మూర్ మార్కెట్టు స్థలంలో కట్టిన లోకల్ బండ్ల స్టేషనులో గుమ్మిడిపూండి బండి ఎక్కాము. మన పెద్దలకు మూర్ మార్కెట్టంటే పాత పుస్తకాల కొట్లు గుర్తుకు వస్తాయి. మాకు గుర్తున్నవి టికెట్టు కిటికీల ముందు వరుసలే. బేసిన్ బ్రిడ్జి, కొరుక్కుపేట, తండయారుపేట దాటేదాకా పెట్టెలో వినిపించిన మాటల్లో సగం తెలుగే. తిరువొత్తియూరు రాగానే మా ఇంటావిడ కిటికీలోనుంచే దణ్ణం పెట్టుకొన్నది. త్యాగరాజస్వామి వారు ఇక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద అయిదు కీర్తనలు చెప్పారు గదా. ఆ తరువాత విమ్కో నగర్, కత్తివాక్కం, ఎన్నూరు. అంతా కలిపి ముప్పావు గంట ప్రయాణం.

తూర్పున సముద్రం, ఉత్తరాన కొసస్తలై నది సముద్రంలో కలిసే మొగ, పడమట బకింగ్‌హాం కాలువ: ఈ మూడు నీళ్ళ మధ్య ఇసుక గట్టు మీద ఎన్నూరు ఉన్నది. ఒకప్పుడు మదరాసు దొరలు గాలి మార్పుకు ఇక్కడికి వచ్చేవారు. ఇప్పుడు గాలి మార్పు కావలసినది ఎన్నూరు వారికే. 1970లో మొదలైన థర్మల్ విద్యుత్కేంద్రం 2017లో మూతపడింది గాని, ఏటి అవతల మరొకటి ఉన్నది. బూడిద ఏటిలో మేట వేసింది. 2001లో తెరచిన రేవు ఉన్నది, లారీల వరుస ఉన్నది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వరదతో పాటు నూనె తెట్టు వచ్చి ఏటిమొగనంతా కప్పివేసింది. నెట్టుకుప్పం, తాళంకుప్పం వంటి పల్లెల బెస్తవారు వలలు, పడవలు నల్లబడి వేట మానుకొని కూర్చున్నారు. ఆ రోజుల్లో ఇక్కడి ఆడవారు ఇల్లు నడిపిన విధం వేరే వ్యాసం అవుతుంది.

కాలువ సంగతి మాత్రం ఇక్కడే చెప్పాలి. ఇది మొదట త్రవ్వినది మదరాసు నుండి ఎన్నూరు దాకానే, 11 మైళ్ళు. కాక్రేన్ అనే దొర త్రవ్వించగా 1806లో పూర్తి అయింది. తరువాత పులికాట్ సరస్సు దాటి నెల్లూరు సీమ, కృష్ణా డెల్టా దాకా సాగింది. 1877-78 కరువులో పనులు జరిగిన మీదట బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. మన వాళ్ళు చాలామంది మదరాసు చేరినది, మదరాసు చేరినవారి బియ్యం, కట్టెలు వచ్చినది ఈ నీటి మీదనే. మా అమ్మమ్మ తొలిచూలుకు ఈ కాలువ మీదనే పడవలో పుట్టింటికి వెళ్ళిందట. వెళ్ళడం ఏడో నెలలో, తిరిగి రావడం బిడ్డకు అయిదో నెల వచ్చాక. మధ్యలో మా తాతయ్య బారసాల నాడు ఒక్కసారి వచ్చి, బిడ్డను చూచి, భోజనం చేసి, ఆ పడవలోనే తిరిగి వెళ్ళాడట. అమ్మమ్మ మూడేళ్ళ దాకా పాలు మాన్పించలేదు. పిల్లకూ పిల్లకూ మధ్య మూడేళ్ళకు తక్కువ లేదు. ఇదంతా ఆచారమని విన్నామే గాని, ఇందులో ఒక లెక్క ఉన్నదని మాకు ఆ బుధవారం దాకా తోచలేదు.

ఇప్పుడు మా మేనకోడలి పుట్టిల్లు తడ దిక్కున ఒక పల్లె. ఎన్నూరులో లోకల్ బండి ఎక్కితే ఒక పూటలో పోయి రావచ్చు. అల్లుడు రేవులో లారీల లెక్క వ్రాసే కుర్రవాడు. ప్రతి శనివారం సాయంత్రం అత్తగారింట దిగేవాడు. బిడ్డకు మూడో నెల రాకముందే, "మా అమ్మకు వంట కష్టమవుతున్నది" అని చెప్పి భార్యను తీసుకువచ్చేశాడు. పడవ కాపాడిన ఆచారాన్ని రైలుబండి ఓడించింది. కుర్రవాణ్ణి తప్పు పట్టడం లేదు. పెళ్ళి అయి ఏడాదిన్నర, వయస్సు ఇరవై నాలుగు. అమ్మాయికి ఇరవై.

మేము వెళ్ళిన కారణం మా అక్కయ్య ఫోను. "పిల్ల ఏడుస్తున్నది, ఏమిటో నాకు చెప్పడం లేదు, మరదలిని ఒకసారి పంపు" అన్నది. మా ఇంటావిడ వెంట మేము తోడు పోయామన్నమాట. ఇక్కడి నుంచి వ్రాసే లోపలి సంగతులు ఆమె చెప్పినవి. పేరు వ్రాయకుండా ఉంటే వ్రాయవచ్చునని అమ్మాయే చెప్పింది.

సంగతి ఇది. కాన్పు జరిగిన ఆసుపత్రి ఏదైతేనేమి, నొప్పులు ముమ్మరంగా ఉన్న వేళ ఒక నర్సు వచ్చి "కాపర్ టీ పెట్టమంటావా?" అని అడిగిందట. అమ్మాయి ఆ వేళ ఏమి అడిగినా ఊఁ అనే స్థితిలో ఉన్నది. ఊఁ అన్నది, వారు పెట్టారు, చీటీలో ఒక గడిలో టిక్కు కొట్టారు. అది ఏమిటో, ఎన్నాళ్ళు ఉండవచ్చునో, వద్దంటే ఎవరు తీస్తారో ఎవరూ చెప్పలేదు. నలభయ్యో రోజున పరీక్షకు వెళ్ళినప్పుడు గాని తనలో అటువంటిది ఒకటి ఉన్నదని ఆమెకు రూఢిగా తెలియలేదు. ఎన్నూరు వచ్చాక అత్తగారికి తెలిసింది. "కడుపులో రాగి తీగ పెట్టుకొని ఎట్లా తిరుగుతావే, గుండెకు ఎక్కితే?" అని ఆమె బెంబేలుపడి, దగ్గరలో ఒక చోట తీయించేసింది. తీసిన వారూ దానికి బదులు ఏమి చేయాలో ఒక్క మాట చెప్పలేదు. ఆ వారంలోనే బిడ్డకు పాలు చాలడం లేదేమోనని డబ్బా పాలు కలపడం మొదలుపెట్టారు. ఇది జరిగి ఆరు వారాలు. రెండు రోజులుగా అమ్మాయికి పొద్దుట వికారం. ఒళ్ళో నాలుగు నెలల బిడ్డ.

కాన్పు తరువాత ఇంకా ముట్టు కాలేదు కనుక భయం లేదని అత్తగారు, ముట్టు కాలేదు కనుకనే భయమని అమ్మాయి. ఇద్దరూ ఆ మాట పైకి అనుకోలేదు. మా ఇంటావిడ కాఫీ గ్లాసు క్రింద పెట్టి, "ఈ రోజు బుధవారం కదా, పిల్లవాడికి టీకా ఉన్నదా?" అని అడిగింది. ఉన్నదన్నారు. తమిళనాట టీకాలకు బుధవారం పేరు. అందరమూ కలిసి కార్పొరేషను వారి ఆరోగ్య కేంద్రానికి నడిచాము.

కత్తివాక్కం మునిసిపాలిటీ 2011లో చెన్నై కార్పొరేషనులో కలిసిన తరువాత ఈ వైపున వైద్యం కాస్త దగ్గరకు వచ్చింది. పెద్ద కాన్పులకు రాయపురంలోని రామస్వామి ముదలియార్ ప్రసూతి ఆసుపత్రి ఉన్నది గాని, టీకాకూ సలహాకూ అంతదూరం పోనక్కర లేదు. వరండాలో బెంచీల మీద ఇరవై మంది తల్లులు, ఇరవై ఏడుపులు. అందులో తెలుగు ఏడుపు ఏదో తమిళ ఏడుపు ఏదో మాకు తెలియలేదు.

మా మేనకోడలికి బజారు తమిళం వచ్చును. కూరగాయలు బేరమాడగలదు. కాని ఈ విషయపు మాటలు ఆమెకు తెలుగులోనే తెలియవు, ఇక తమిళంలో ఎక్కడ? ఆంధ్రలో ఇచ్చిన చీటీ తెలుగులో ఉన్నది. నర్సమ్మకు తెలుగు రాదు. చీటీని బయట చెట్టు క్రింద కూర్చున్న మా దగ్గరకు పంపారు. ఆఫీసులో ఇరవై ఏండ్లుగా రెండు భాషలలో కాగితాలు వ్రాస్తున్నాము గాని, మేనకోడలి పురిటి చీటీని ఏనాడూ తర్జుమా చేయలేదు. ముఖం ప్రక్కకు త్రిప్పుకొని చేశాము. మిగిలినదంతా లోపల మా ఇంటావిడ నడిపించింది.

నర్సమ్మ మొదట అత్తగారిని బయట కూర్చోమని, అమ్మాయితో ఒంటరిగా మాట్లాడింది. ఇది మాకు బాగా నచ్చింది. మూత్ర పరీక్ష చేసింది. గర్భం లేదని వచ్చింది. అమ్మాయి అక్కడే కూలబడి ఏడ్చిందట. అయితే నర్సమ్మ, "ఈ రోజు లేదన్న మాట పూర్తి మాట కాదు. నిన్నమొన్నటి సంగతి ఇంత త్వరగా తెలియదు. మూడు వారాలు ఆగి మళ్ళీ రా. అప్పటిదాకా నీ భర్త నిరోధ్ వాడాలి" అని చెప్పింది. తరువాత అత్తగారిని పిలిపించి ఇద్దరికీ కలిపి చెప్పింది.

ఆమె చెప్పినదానిలో మాకు కొత్తగా తోచినది ముట్టు సంగతి. ముట్టు కానిదే కడుపు రాదని మన ఇళ్ళలో పెద్దవారందరి నమ్మకం. బిడ్డకు తల్లి పాలు తప్ప మరేమీ, మంచినీళ్ళు కూడా పట్టకుండా, రాత్రీ పగలూ అడిగినప్పుడల్లా ఇస్తూ ఉంటే, బిడ్డకు ఆరు నెలలు నిండకుండా ఉంటే, ముట్టు మొదలు కాకుండా ఉంటే, ఆ మూడూ కలిసినప్పుడు మాత్రమే అది చాలావరకు నిజం. ఒక్కటి తప్పినా రక్షణ పోయినట్టే. డబ్బా పాలు కలిపిన నాడే ఒకటి తప్పింది. అండం ముందు విడుదలవుతుంది, ముట్టు తరువాత వస్తుంది. అందువల్ల మొదటి ముట్టు కనపడకుండానే రెండో గర్భం నిలువవచ్చు. "ముట్టు కాలేదు, అజీర్తి అనుకొన్నాము" అని అయిదో నెలలో వచ్చేవారిని తాను చూస్తుంటానన్నది. మా అమ్మమ్మ లెక్క ఇదే గదా! పుట్టింట్లో అయిదు నెలలు, బిడ్డకు తన పాలే. ఆవిడకు అండం సంగతి తెలియకపోయినా లెక్క తప్పలేదు.

కాన్పు అయిన తరువాత మళ్ళీ గర్భానికి కనీసం రెండేండ్లు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు చెబుతున్నారు. ఎడం లేకపోతే తల్లికి రక్తం పట్టదు, రెండవ బిడ్డ నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టే భయం ఎక్కువ. ఆ రెండేండ్లు గడపడానికి దారులు ఒకటి కాదు. కాపర్ టీ కాన్పు అయిన 48 గంటల లోపల పెట్టవచ్చు, లేకపోతే ఆరు వారాలు ఆగి పెట్టవచ్చు. అది గర్భసంచిలోనే ఉంటుంది, గుండెకు ఎక్కే దారి లేదు, పాలు తగ్గవు, తీసివేస్తే మళ్ళీ గర్భం వస్తుంది. అయితే ఆ మాట నెల నెలా పరీక్షలకు వచ్చేటప్పుడే, తీరికగా, అమ్మాయి వినగల స్థితిలో ఉండగా అడగవలసిన మాట. నొప్పులలో అడిగిన మాటకు వచ్చిన ఊఁ ఒప్పుకోలు కాదని నర్సమ్మ స్వయంగా అన్నది. ఆరు వారాల తరువాత మూడు నెలలకొకసారి అంతర అనే సూది ఉన్నది. దానిని మానివేసిన తరువాత గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చునని కూడా దాచకుండా చెప్పింది. మామూలు మాలా బిళ్ళలు పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు పనికిరావు. ఛాయ అనే బిళ్ళ పనికి వస్తుంది. ఇది లక్నోలో మన శాస్త్రజ్ఞులు కనిపెట్టినది, హార్మోను కాదు. 2017 నుండి ప్రభుత్వం వారు సూదినీ, ఈ బిళ్ళనూ ఉచితంగా ఇస్తున్నారు.

ఇవన్నీ విని అత్తగారు, "రెండో బిడ్డ అయినాక ఆపరేషను చేయించేస్తాం గదమ్మా, ఇదంతా దేనికి?" అన్నదట.

ఆ మాట ఒక్క ఆమెది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషను చేయించుకొన్నవారే. తమిళనాట సగానికి మించి ఉన్నారు. మగవారి ఆపరేషను రెండు చోట్లా నూటికి ఒకటి కూడా లేదు. స్త్రీకి సగటున ఇద్దరు పిల్లలు కూడా లేరు: ఆంధ్రలో 1.7, ఇక్కడ 1.8. అంటే ఆపడం మనకు బాగా తెలుసును. ఆగడం తెలియదు. మొదటి బిడ్డకూ రెండవ బిడ్డకూ మధ్య ఏమి చేయాలో మన ఇండ్లలో ఎవరూ ఎవరికీ చెప్పరు. చెబితే అమ్మాయికి పిల్లలంటే ఇష్టం లేదంటారని ఒక భయం. ప్రభుత్వం కుటుంబ నియంత్రణ పథకం పెట్టినది 1952లో. ఆపరేషను చేయించుకొన్నవారికి సొమ్ము ఇచ్చే పద్ధతిని మదరాసు రాష్ట్రం ఆ దశాబ్దంలోనే ప్రారంభించింది. కాన్పు వేళనే తల్లికి ఈ సలహా ఇవ్వాలని పెద్ద ఆసుపత్రులలో 1969లో ఒక కార్యక్రమం పెట్టారు. 1975-77 ఎమర్జెన్సీ నాటి బలవంతపు ఆపరేషన్లతో ఆ మాటకే చెడ్డ పేరు వచ్చి, 1977లో కుటుంబ సంక్షేమమని పేరు మార్చారు. 2024లో ఆంధ్ర శాసనసభ, ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలలో నిలబడరాదన్న నిబంధనను ఎత్తివేసింది. ఎక్కువ మంది కావాలన్నా, తక్కువ మంది చాలన్నా, ఇరవై ఏండ్ల పిల్ల ఒంట్లో రక్తం ఊరడానికి పట్టే కాలం మారదు.

నర్సమ్మ అత్తగారికి ఎదురు చెప్పలేదు. "అమ్మా, మీకు కాన్పులెన్ని?" అని మాత్రం అడిగిందట. ఆమె కొంతసేపు పలుకలేదు. తరువాత మూడన్నది. పెద్దవాడికి పదకొండో నెలలో రెండో బిడ్డ పుట్టింది. ఏడో నెలలోనే పుట్టిన ఆడపిల్ల, తొమ్మిది రోజులు ఉన్నది. ఆ సంగతి మా అల్లుడికి కూడా అంతవరకు తెలియదు. తిరిగి వస్తూ దారిలో ఆమె మాతో, "నా కాలంలో నాకెవురు చెప్పినారన్నా? పాలు తాగతా ఉండాడు, ఏం కాదులే అన్నారు. ఆ పిల్ల ఉండి ఉంటే ఇప్పుడు నీ మేనకోడలి కన్నా పెద్దది" అన్నది. మాకు ఏమి చెప్పాలో తోచక, లారీ వస్తున్నది జాగ్రత్త అన్నాము.

ఇక మగవారి సంగతి. లోపల ఇంత జరుగుతుండగా మేమూ అల్లుడూ చెట్టు క్రింద కూర్చుని ఏటిమొగ పూడికను గురించి, రేవు జీతాలను గురించి మాట్లాడుకొన్నాము. అసలు మాట ఎట్లా ఎత్తాలో మాకు తెలియలేదు. మేనమామ వరుసవారు ఇటువంటివి మాట్లాడే అలవాటు మనలో లేదు. చివరకు అతడే, "ఆడవాళ్ళ సంగతి గదా మామా, వాళ్ళు చూసుకొంటారు" అన్నాడు. సగం సంగతి నీదేనని అన్నాము. అంతకు మించి గొంతు పెగలలేదు. అదృష్టవశాత్తు నర్సమ్మ తలుపు దగ్గరకు వచ్చి అతణ్ణి పేరు పెట్టి పిలిచింది. పది నిమిషాల తరువాత చెవులు ఎర్రబడి, చేతిలో కాగితపు పొట్లంతో బయటకు వచ్చాడు. పొట్లం చొక్కా జేబులో పట్టలేదు. మా చేతిసంచిలో వేయమన్నాము. ఇంటికి వచ్చేదాకా మోశాము.

మూడు వారాల తరువాత బుధవారం మేము వెళ్ళవలసిన అవసరం లేదు. కాని మరొక సెలవు చీటీ వ్రాశాము. సూపరింటెండెంటు గారు ఈసారి ఏమీ అడగలేదు. బండిలో మా ఇంటావిడ తిరువొత్తియూరు దగ్గర దణ్ణం కాస్త ఎక్కువసేపు పెట్టింది. మేము చేరేసరికి వారు ముగ్గురూ వరండాలో ఉన్నారు. బిడ్డ తండ్రి భుజం మీద ఉన్నాడు. రెండవ పరీక్షలోనూ లేదని వచ్చింది. వికారం ఏమిటంటే రక్తం తక్కువై, పొద్దుట ఏమీ తినక పని చేయడం వల్లనట. ఇనుము మాత్రలు ఇచ్చారు.

ఏది కావాలో అమ్మాయినే ఎంచుకోమన్నారు. అత్తగారు నోరు తెరవబోయి ఆగింది. మాకు తెలిసి ఆమె ఆగడం అదే మొదలు. అమ్మాయి ఛాయ బిళ్ళలు అడిగింది. కాపర్ టీ మాట బిడ్డకు ఏడాది నిండాక ఆలోచిస్తానన్నది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తరువాత వారానికి ఒకటి. బుధవారం మొదలుపెడితే రెండవది శనివారం. బుధవారం టీకాల రోజు కనుక మరచిపోనన్నది.

నర్సమ్మ ఆ రోజులను చీటీ మీద తమిళంలో వ్రాసి ఇచ్చింది. అత్తగారు దానిని తీసుకొని మా చేతికిచ్చి, క్రింద తెలుగులో కూడా వ్రాయమన్నది. బుధవారం, శనివారం అని వ్రాశాము. ఆమె చదువుకొన్నది అయిదో తరగతి దాకా, తెలుగు బడిలో. చీటీని దూరంగా పట్టుకొని చూచి, "ఇంకొంచెం పెద్దగా రాయన్నా, అలమర మీద అంటించేదానికి" అన్నది.